వేలెడంత బోర్డు, తగ్గని గురుత్వాకర్షణ

1985లో వచ్చిన ఒక స్కేట్‌బోర్డింగ్ వీడియోలో అమెరికన్ స్కేటర్ లాన్స్ మౌంటెన్ వంటింటి సింకులో బుల్లి స్కేట్‌బోర్డు నడిపాడు. కాళ్లతో కాదు, రెండు వేళ్లతో. ఇలా వేళ్లతో నడిపే బుల్లి బోర్డునే ఫింగర్‌బోర్డు అంటారు. ఆ బోర్డు అతను సొంతంగా తయారు చేసుకున్నదే. కాలిఫోర్నియా స్కేటర్లు నీళ్లు లేని ఈతకొలనుల్లో వంపు గోడలెక్కి ఆడేవాళ్లు. సింకు గోడకూ అదే వంపు ఉంటుంది కాబట్టి, ఆ ఆటంతా అందులో ఇమిడిపోయింది. 1998లో టెక్ డెక్ అనే బ్రాండు ఫింగర్‌బోర్డులు రావడంతో ఇది షాపుల్లో దొరికే బొమ్మ అయింది. ఇప్పుడు చెక్క పొరలు అతికించి చేసిన ఖరీదైన బోర్డులు, బేరింగులున్న చక్రాలు కూడా దొరుకుతున్నాయి. జర్మనీలో ఫాస్ట్ ఫింగర్స్ పేరుతో పోటీలే జరుగుతాయి.

మామూలు స్కేట్‌బోర్డు పొడవు సుమారు 80 సెంటీమీటర్లు. ఫింగర్‌బోర్డు దాదాపు 10. అంటే ఎనిమిదో వంతు. బొమ్మ చిన్నది కాబట్టి ఆటా తేలికే అనుకుంటాం. కానీ బోర్డు చిన్నదైనంత మాత్రాన గురుత్వాకర్షణ తగ్గదు. అసలు కష్టం అక్కడే ఉంది.

ఈ ఆటలో మొదట నేర్చుకునేది ఆలీ, అంటే బోర్డును చేత్తో పట్టుకోకుండా గాల్లోకి లేపడం. మధ్య వేలు తోక మీద, అంటే బోర్డు వెనక చివర, చూపుడు వేలు ముందు చక్రాలను బిగించే స్క్రూల వెనక ఉంచాలి. మధ్య వేలితో తోకను టక్కున నొక్కితే అది టేబుల్‌కి తగిలి, బోర్డు ముందు భాగం పైకి లేస్తుంది. అదే క్షణంలో చూపుడు వేలు ముందుకు జారాలి. వేలికీ బోర్డుకీ మధ్య ఘర్షణే బోర్డును పైకి లాగుతుంది, వేలు ముక్కు, అంటే బోర్డు ముందు చివర దాకా వెళ్లేసరికి వెనక భాగం కూడా లేచి బోర్డు సమంగా వస్తుంది. బోర్డు మీద గరుకు కాగితం బదులు మెత్తటి ఫోమ్ టేపు అంటించేది ఇందుకే. వేలు నొక్కినప్పుడు ఫోమ్ కాస్త అణిగి, చర్మానికి ఎక్కువ మేర ఆనుతుంది. చర్మమూ గీరుకుపోదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. స్కేటర్ 40 సెంటీమీటర్ల ఎత్తు ఎగిరితే, పైకి వెళ్లి కిందికి రావడానికి దాదాపు 0.57 సెకను పడుతుంది. ఫింగర్‌బోర్డుకు అందులో ఎనిమిదో వంతు, 5 సెంటీమీటర్లు. దానికి పట్టేది 0.2 సెకను మాత్రమే. కంటితో చూసి చెయ్యి స్పందించడానికి మనిషికి సుమారు అంతే సమయం కావాలి. అంటే బోర్డు పక్కకు తిరుగుతోందని గమనించి వేలితో సర్దేలోపే అది టేబుల్ మీద పడి ఉంటుంది. కదలిక మొత్తం ముందే మెదడులో సిద్ధంగా ఉండాలి. వందలసార్లు చేస్తే తప్ప ఆలీ కుదరకపోవడానికి కారణం ఇదే. అందుకే ఇది పిల్లల కాలక్షేపం అని కొట్టిపారేస్తే నాకు నచ్చదు. వీణ మీద వేళ్లకు ఎలాంటి సాధన కావాలో ఇక్కడా అలాంటిదే కావాలి.

ఇంకో విశేషం. వేళ్లను వంచి చాచే ప్రధాన కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి వేళ్లు ఆడించి చూడండి, లోపల కదలిక తెలుస్తుంది. చూపుడు వేలిని చాచడానికి విడిగా ఒక కండరం కూడా ఉంది. మధ్య వేలికి సాధారణంగా ఆ వసతి లేదు. ఆలీలో సున్నితమైన పని చూపుడు వేలిదే కావడం ఎంత చక్కగా కుదిరిందో!

నేర్చుకునేవాళ్లు ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూసుకోవడం మంచిది. సెకనుకు 240 ఫ్రేముల చొప్పున తీస్తే ఆ 0.2 సెకనుకు 48 ఫ్రేములు వస్తాయి. చూపుడు వేలు ఆలస్యంగా జారిందా, మధ్య వేలు తోక మీద ఎక్కువసేపు ఉండిపోయిందా అన్నది వాటిలో తేలిపోతుంది.