ఇంటి గొడవలు, మన ప్రేమలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

జంటలకు కౌన్సెలింగ్ చేసేదాన్ని కాబట్టి ఇరవైల్లో ఉన్న పిల్లల నోట ఈ మాటలు తరచూ వింటుంటాను.

అపోహ: అమ్మానాన్నలు విడిపోతే పిల్లల బంధాలూ నిలవవు.

వాస్తవం: అలాంటి పిల్లల్లో విడాకులు కొంత ఎక్కువేనని అమెరికా అధ్యయనాలు చెప్పాయి, నిజమే. కానీ అమెరికా సామాజిక శాస్త్రవేత్త పాల్ అమాటో బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో, నిత్యం గొడవపడే తల్లిదండ్రులు కలిసే ఉన్న ఇళ్ల పిల్లల కన్నా, అలా గొడవపడి విడిపోయిన ఇళ్ల పిల్లలే పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారని తేలింది. "వాళ్లమ్మ విడిగా ఉంటుందట" అని సంబంధాలు వద్దనుకునేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

అపోహ: మా ఇంట్లో అరుపులే లేవు, కాబట్టి నాకు ఏ సమస్యా లేదు.

వాస్తవం: అరుపులు లేకపోవడం వేరు, గొడవ తీరడం వేరు. నాన్న అలిగి రోజుల తరబడి మాట్లాడడు, అమ్మేమో "నాన్నని అన్నానికి రమ్మను" అని పిల్లాడితో కబురు పంపుతుంది, అలా పెరిగిన అబ్బాయి గొడవ రాగానే ఫోన్ ఆపేస్తాడు. అతను ప్రేమించిన అమ్మాయి ఇంట్లో అయితే గట్టిగా అరుచుకుని, కాసేపటికే అందరూ కలిసి టీ తాగేస్తారు, అందుకే అతని మౌనం ఆమెకు వదిలేసి వెళ్లిపోయినట్టే అనిపించి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తుంది, ఆమె చేసేకొద్దీ అతను ఇంకా ముడుచుకుపోతాడు. ఇద్దరిలో ఎవరికీ ప్రేమ తక్కువై కాదు. ఇలాంటివాళ్లకు నేను మొదట చెప్పేది ఒక్కటే: "ఇప్పుడు నా వల్ల కాదు, రాత్రి తొమ్మిదికి మాట్లాడదాం" అని చెప్పి ఆగండి, తొమ్మిదికి తప్పకుండా ఫోన్ చేయండి.

అపోహ: చిన్నప్పుడు పడ్డ ముద్ర ఇక పోదు.

వాస్తవం: అమెరికాలోని మిన్నెసోటాలో 1970ల మధ్యలో మొదలై పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఉంది. పసితనంలో తల్లితో ఉన్న బంధం ప్రభావం పెద్దయ్యాక ప్రేమ మీద నేరుగా పడలేదనీ, బడిలో తోటిపిల్లలతో మెలగడం, 16 ఏళ్లప్పటి స్నేహాలు, వీటి మీదుగా వచ్చిందనీ 2007లో రాశారు. అంటే ఒక మంచి స్నేహం, మాట మీద నిలబడే ఒక భాగస్వామి కూడా మనల్ని మారుస్తారు.

అపోహ: వాళ్లింట్లో కొట్టుకోవడం మామూలే, పాపం, అర్థం చేసుకోవాలి.

వాస్తవం: వద్దు. ఎలా పెరిగినా చెయ్యెత్తడం తప్పే, సర్దుకుపోకండి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది, మనసు బాగోకపోతే ఎవరైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.