బచ్చా: ఒక పసి మాట వెనుక కథ

‘వాడింకా బచ్చాగాడు’ అని హైదరాబాద్‌లో తేలిగ్గా అనేస్తాం. ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ మాటకు పుట్టిల్లు ఫార్సీ. సంస్కృతంలోని ‘వత్స’కు దగ్గరి చుట్టం. దూడనూ పసివాణ్నీ ‘వత్స’ అన్నట్టే, ఫార్సీలోనూ మనిషి పిల్లకైనా జంతువు పిల్లకైనా ఈ మాటే.

ఇరాన్‌లో దీన్ని ‘బచ్చె’ అంటారు, ఆడపిల్లకూ మగపిల్లాడికీ చెల్లుతుంది. ‘బచ్చె-యె కొజాయీ?’ అంటే ఏ ఊరి బిడ్డవని అడగడం. ఎంత ఆప్యాయమైన పలకరింపు! అఫ్గానిస్తాన్‌లో మాట్లాడే ఫార్సీ అయిన దరీలోకి వచ్చేసరికి అది ఎక్కువగా అబ్బాయి, కొడుకు అనే అర్థంలో స్థిరపడింది. 1929 జనవరిలో కాబూల్ గద్దెనెక్కిన హబీబుల్లా కలకానీని ‘బచ్చా-ఎ-సకావ్’ అన్నారు. నీళ్లు మోసేవాడి కొడుకని అర్థం. తొమ్మిది నెలలు ఏలినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

వార్తల్లో మనకు కనిపించేది మాత్రం ‘బచ్చా బాజీ’. బాజీ అంటే ఆట. పాతబస్తీ పతంగ్‌బాజీలో ఉన్నదీ అదే. పసివాళ్లకు ఆడవేషం కట్టి, మగవాళ్ల విందుల్లో నాట్యమాడించి, లైంగికంగా వాడుకునే దుర్మార్గానికి ఆట అని పేరు పెట్టడమే నా మనసును కలిచివేస్తుంది. ఆడవాళ్లు మగవాళ్ల ముందు ఆడకూడదన్న కట్టుబాటు ఉన్నచోట ఆ ఖాళీలోకి అబ్బాయిలను లాగారు. 19వ శతాబ్దంలో నేటి ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌కంద్, బుఖారా వైపు వెళ్లిన యాత్రికులు ఈ బచ్చాల గురించి రాశారు. రష్యన్ ఫొటోగ్రాఫర్ ప్రొకూదిన్-గోర్‌స్కీ తీసిన సమర్‌కంద్ ఫొటోల్లోనూ వాద్యకారుల మధ్య అలాంటి బచ్చా ఒకడు కనిపిస్తాడు. అఫ్గాన్ యుద్ధాల కాలంలో తుపాకీ, డబ్బు చేతిలో ఉన్న కమాండర్లకు ఇది హోదాకు గుర్తయింది. ఎరగా పనికొచ్చింది పేదరికం. 2018లో అమల్లోకి వచ్చిన అఫ్గాన్ శిక్షాస్మృతి దీన్ని ప్రత్యేకంగా నేరమంది. అయినా పెద్దవాళ్లు తప్పించుకోవడం, బాధితులైన పిల్లలే జైలుపాలు కావడం హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ఇదంతా చూసి ‘బచ్చా’ అన్న మాటనే బూతుగా భావించడం అన్యాయం. అక్కడి తల్లి కొడుకును పిలుచుకునేదీ ఆ మాటతోనే.

అఫ్గానిస్తాన్‌లోనే ‘బచ్చా పోష్’ కూడా ఉంది. మనం పోషాకు అనే మాటలో వినేదే ఈ ‘పోష్’. మగపిల్లలు లేని ఇంట్లో ఒక కూతురికి జుట్టు కత్తిరించి, అబ్బాయి బట్టలు తొడుగుతారు. ఇక ఆమె బజారుకు వెళ్లొచ్చు, పని చేసి నాలుగు డబ్బులు తేవచ్చు, అక్కచెల్లెళ్లకు తోడుగా బయటికి నడవొచ్చు. ఇలా చేస్తే తర్వాతి కాన్పులో కొడుకు పుడతాడని నమ్మేవాళ్లూ ఉన్నారు.

ఈడు వచ్చేసరికి సాధారణంగా మళ్లీ జుట్టు పెంచాలి, ముసుగు వేసుకోవాలి. 2021లో తాలిబన్లు మళ్లీ గద్దెనెక్కాక అక్కడ ఆడపిల్లలకు ఆరో తరగతితోనే బడి మూతపడింది. దాదాపు ఆ వయసులోనే ఈ అమ్మాయి అబ్బాయి బట్టలు విప్పి ఇంట్లో కూర్చోవాల్సి వస్తోంది.