పెంపుడు కుందేలు తిండి: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన ఎండాకాలం ఒకావిడ బిస్కెట్ల అట్టపెట్టెలో కుందేలును పెట్టుకుని మా క్లినిక్‌కి వచ్చారు. "నిన్న రాత్రి నుంచి ఏమీ ముట్టడం లేదు డాక్టర్ గారూ, క్యారెట్ పెట్టినా మూతి తిప్పేసుకుంటోంది" అన్నారు. గడ్డం కింద బొచ్చంతా జొల్లుతో తడిసి అట్టకట్టింది. చెవిలోకి చూసే లైటు గొట్టాన్నే నోట్లో పెట్టి చూశాను. కింది దవడ పన్ను ఒకటి లోపలివైపుకి సూదిలా పెరిగి నాలుక అంచును కోసేసింది. ఏం పెడుతున్నారని అడిగితే పొద్దున క్యారెట్, మధ్యాహ్నం బ్రెడ్డు, సాయంత్రం పిల్లలు తినే బిస్కెట్ అన్నారు. మరి గడ్డి? "గడ్డి ఎందుకండీ, మేం బాగానే పెడతాం కదా!"

తంటా అంతా ఆ 'బాగానే' పెట్టడంతోనే.

అపోహ: కుందేలు తిండి అంటే క్యారెట్.

వాస్తవం: ఇది కార్టూన్ల పుణ్యం. క్యారెట్ తియ్యటి దుంప. ఎప్పుడైనా బొటనవేలంత ముక్క పెట్టండి, కాదనను. క్యారెట్ ఆకు మాత్రం భేషుగ్గా పెట్టొచ్చు, మనం పారేసేది అదే! మన ఇళ్లలో పెంచే కుందేళ్లు యూరప్ అడవి కుందేలు సంతతి. మన పొలాల్లో పరిగెత్తే చెవులపిల్లి వేరే జాతి. కానీ రెండూ బతికేది గడ్డీ గాదం మేసే. పెంపుడు కుందేలు తిండిలో 80 నుంచి 85 శాతం గడ్డే ఉండాలి.

ఎందుకంటే, దాని నోట్లో 28 పళ్లుంటాయి. అన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకు ఊగుతుంది, పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుని అరుగుతాయి. బ్రెడ్డుకు అంత నమిలే పని ఉండదు, అందుకే పళ్లు అరగవు. ఇక పేగుల సంగతి. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి వెళ్లిన ప్రతిదీ కిందికి పోవాల్సిందే. ఆ కదలికను నడిపేది గడ్డిలోని పీచు. పీచు తగ్గి పిండిపదార్థం పెరిగితే పేగులు మందగించి, గ్యాసు పట్టి, కుందేలు మూలకు ముడుచుకుని కూర్చుంటుంది. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీ కిందే లెక్క. 'తెల్లారాక చూద్దాం' అనుకుని ఆగిన కేసుల్లో కొన్నింటిని నేను కాపాడలేకపోయాను.

అపోహ: కుందేలుకు నీళ్లు పెట్టకూడదు, తాగితే చచ్చిపోతుంది.

వాస్తవం: ఈ మాట నాతో అనని వారం లేదు. చెప్పేవాళ్లు కూడా తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు చెబుతారు. ఇది ఎలా పుట్టిందో నాకో అనుమానం ఉంది. తల్లిపాలు సరిగ్గా మానని కుందేలు పిల్లల్ని సంతలో అమ్మేస్తారు. కొత్త ఇంట్లో కొత్త తిండి పడక అవి విరేచనాలు పట్టుకుని పోతాయి. నింద నీళ్ల గిన్నె మీద పడుతుంది. నిజానికి కుందేలు రోజుకు కిలో బరువుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా నీళ్లు తాగుతుంది. రెండు కిలోల కుందేలంటే ఇంచుమించు ఒక గ్లాసు. మే నెలలో ఇంకా ఎక్కువే. పంజరానికి తగిలించే సీసా కంటే మట్టి మూకుడు నయం, బరువుకి తిరగబడదు, నీళ్లూ చల్లగా ఉంటాయి.

అపోహ: ఆకుకూర ఏదైనా ఒకటే.

వాస్తవం: కొత్తిమీర, పుదీనా, మెంతికూర, తులసి, ముల్లంగి ఆకు మంచివి. వీటిలో రోజుకు రెండు మూడు రకాలు, బాగా కడిగి పెట్టండి. పాలకూర, తోటకూర, గోంగూరల్లో మోతాదు మించితే ఒంటికి పడని ఆక్సలేట్లనే లవణాలు ఎక్కువ, అప్పుడప్పుడూ చాలు. మునగాకు మనకు బలమని కుందేలుకూ రోజూ పెట్టేస్తుంటారు, అందులో కాల్షియం ఎక్కువ. మన ఒంటికి అవసరమైనంత కాల్షియమే పడుతుంది. కుందేలు తిన్నదాంట్లో చాలావరకు ఒంట్లోకి పీల్చుకుని, మిగులును మూత్రంలో వదిలేస్తుంది. మూత్రం సున్నపునీళ్లలా చిక్కగా వస్తుంటే మూత్రాశయంలో మడ్డి పేరుకుంటోందేమో చూపించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొక్క ఆకు, అవకాడో, చాక్లెట్, పెరట్లో గన్నేరు, వీటి దగ్గరకే పోనివ్వకండి.

అపోహ: తన పెంటికలు తానే తింటోంది, ఏదో జబ్బు.

వాస్తవం: జబ్బు కాదు. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. ఒకటి మనం ఊడ్చేసేది, శనగగింజంత, ఎండుగా ఉంటుంది. రెండోది మెత్తగా, నిగనిగలాడుతూ చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటుంది. అంధనాళంలో, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలో, సూక్ష్మజీవులు పులియబెట్టి తయారుచేసిన ఈ సరుకులో ప్రోటీన్, బి విటమిన్లు ఉంటాయి. దాన్ని నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. అది తినకుండా వెనకాల బొచ్చుకి అంటుకుంటుంటేనే ఆలోచించాలి. చాలాసార్లు పెల్లెట్లు (కొట్లో దొరికే గుళికల దాణా) ఎక్కువైనందుకో, ఒళ్లు పెరిగి వంగలేకనో అలా జరుగుతుంది.

పెల్లెట్ల మాట వచ్చింది కాబట్టి, గిన్నె నిండా పోసి ఉంచకండి. పెద్ద కుందేలుకు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించక్కర్లేదు. మాంసం ఫారాల్లో వాడే ఫీడ్ త్వరగా బరువు పెరగడానికి చేసింది, ఇంట్లో పెంచేదానికి అది వద్దు.

అపోహ: విరేచనాలైతే మన పిల్లలకు వాడే యాంటీబయాటిక్ సిరప్ రెండు చుక్కలు వేస్తే సరి.

వాస్తవం: దయచేసి వద్దు. అమోక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయి. ప్రాణం మీదికొస్తుంది.

"అన్నీ సరే డాక్టర్ గారూ, గడ్డి ఎక్కడ తెచ్చేది?" అంటారు చివరికి. విదేశాల నుంచి వచ్చే తిమోతి గడ్డి మంచిదే గానీ ఖరీదు. మన గరిక ఉంది కదా, వినాయక చవితి నాడు తప్ప మనకు గుర్తురాదు! మందు కొట్టనిచోట, కుక్కలు తిరగనిచోట కోసి, నీడన ఆరబెట్టి, గోనెసంచిలో పెట్టుకోండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి. వరిగడ్డి పరుపుగా వేయండి, తింటే తిననివ్వండి, కానీ అందులో సారం తక్కువ. లూసర్న్ అనే పశువుల మేత ఆరు నెలల లోపు కుందేలు పిల్లలకే. ఇన్నాళ్లూ బ్రెడ్డు తిన్న కుందేలును ఒక్కరోజులో మార్చకండి. గడ్డి పెంచుకుంటూ, మిగతావి తగ్గించుకుంటూ రెండు మూడు వారాలు తీసుకోండి.

అట్టపెట్టె కుందేలుకు మత్తిచ్చి పన్ను అరగదీశాను. ఇప్పుడు గడ్డి బాగానే మేస్తోంది. కానీ ఒకసారి వంకర తిరిగిన పన్ను కదా, మూడు నాలుగు నెలలకోసారి అదే పనికి ఇంకా తీసుకొస్తూనే ఉన్నారు.