వెన్నుపాము దెబ్బ: ఫోనులో వీడియో చూసి ఎకరం అమ్మకండి

నల్లగొండలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే వెన్నుపాము దెబ్బలు ఎక్కువగా విజయవాడ హైవే మీదివి, లేదా తాటిచెట్టు మీది నుంచి పడినవి. మనిషితో పాటు ఒక వీడియో కూడా వస్తుంది: "సార్, ఈయన లేచి నడుస్తున్నాడు చూడండి."

అపోహ: స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో తెగిన నరాలు అతుక్కుంటాయి.

వాస్తవం: మోకు జారి పడిన ఒక గీత కార్మికుడి కొడుకు ఇందుకోసమే ఎకరం బేరం పెట్టాడు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఇంకా పరిశోధన దశలోనివే. పరిశోధనలో చేరిన రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగారంటే అది పరిశోధన కాదు, వ్యాపారం. పైగా ఒకసారి ఇలాంటి కణాలు ఎక్కించుకున్నవారిని చాలా అసలు పరిశోధనల్లో చేర్చుకోరు.

జపాన్‌లో కేయో విశ్వవిద్యాలయం నలుగురికి ఐపీఎస్ కణాల నుంచి (అంటే మామూలు కణాలను ల్యాబ్‌లో తిరగమార్చి చేసే మూలకణాలు) తయారైన కణాలు ఎక్కించింది. 2025లో ఫలితాలు చెప్పారు: ఇద్దరిలో గుర్తించదగ్గ మెరుగుదల ఉంది. అయితే నలుగురికీ దెబ్బ తగిలిన నెలలోపే కణాలు ఎక్కించారు. ఆ మొదటి నెలల్లో కొందరు తమంతట తామే కొంత కోలుకుంటారు. కాబట్టి ఘనత కణాలదేనని ఇప్పుడే అనలేం.

అపోహ: చిప్ పెడితే వెన్నుపాము బాగవుతుంది.

వాస్తవం: బాగవదు, పని జరుగుతుంది. తెగిన కాలువను పూడ్చలేక మోటారు పెట్టి పైపుతో నీళ్లు దాటించినట్టు! స్విట్జర్లాండ్‌లో శాస్త్రవేత్త కోర్టీన్, సర్జన్ బ్లాక్ బృందం ఎలక్ట్రోడ్లను (సన్నని కరెంటు ఇచ్చే తీగలు) దెబ్బకు దిగువన, కాళ్లను నడిపే నరాల దగ్గర పెడుతుంది. 2023లో మెదడు సంకేతాలను కూడా వాటికి కలిపి, గెర్ట్-యాన్ ఓస్కామ్ అనే డచ్ వ్యక్తిని ఊతకర్రలతో నడిపించారు. దాని వెనుక నెలల తరబడి సాధన ఉంది. వీడియోలో అది కనిపించదు.

అపోహ: ఏడాది దాటితే ఇక అంతే.

వాస్తవం: మెడ దగ్గర దెబ్బ తగిలి ఏడాది దాటినవారికే చర్మం పైనుంచి విద్యుత్ ప్రేరణ ఇస్తే చాలామందికి చేతి పట్టు మెరుగైంది. 2024 డిసెంబరులో అమెరికా ఆ పరికరాన్ని అనుమతించింది.

అపోహ: మందు వచ్చేదాకా పడుకోబెట్టి ఉంచాలి.

వాస్తవం: నాకు కోపం తెప్పించేది ఇదే. పాదం కిందికి వాలి బిగుసుకుపోతే, రేపు ఎంత గొప్ప యంత్రం వచ్చినా ఆ కాలు నేలకు ఆనదు. ఆ గీత కార్మికుడి కొడుక్కి తండ్రిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం నేర్పాను. మడమను అరచేతిలో పట్టుకొని, ముంజేత్తో పాదాన్ని పైకి నెట్టి ముప్పై అంకెలు లెక్కపెడతాడు. మొన్న ఇరవై దగ్గరే వదిలేస్తే తండ్రే "ఇంకా పది ఉంది" అన్నాడు.