ఫ్రిజ్‌లో పెట్టేస్తే మొలకలొస్తాయా? ఆల్పైన్ మొక్కలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: బెంగళూరు చల్లటి ఊరు, ఆల్పైన్ మొక్కలకు ఇబ్బందేం ఉండదు.

మనం ఉన్నది సుమారు 900 మీటర్ల ఎత్తులో. ఆ మొక్కలు చెట్లు కూడా పెరగలేనంత ఎత్తులో, చలికాలమంతా మంచు కింద ఉండేవి. మన డిసెంబరు చలి వాటికి ఓ లెక్క కాదు. చంపేది ఏప్రిల్ రాత్రుల ఉక్క, ఆ తర్వాత వానల్లో ఆరని మట్టి.

అపోహ: విత్తనాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పడేస్తే చాలు.

నేను రోజూ వినేది ఇదే. పొడి విత్తనానికి ఫ్రిజ్ ఒక గోడౌన్, అంతే. నీళ్లు పీల్చుకుని ఉబ్బిన విత్తనానికి చలి తగిలితేనే లోపల మొలకను ఆపే అడ్డు తొలగుతుంది. జెన్షియన్, ప్రిములా లాంటివైతే తడి పెర్లైట్‌లో (కుండీల మట్టిలో కలిపే తేలికైన తెల్లటి గుళికలు) కలిపి (పిడికిట్లో గట్టిగా పిండినా నీటి చుక్క రాలకూడదు, తడి మాత్రం తెలియాలి) జిప్ కవర్లో వేసి, 4 డిగ్రీల దగ్గర 6 నుంచి 8 వారాలు ఉంచండి. ఫ్రీజర్ వద్దే వద్దు. వారానికోసారి కవరు వెలుతురుకు పట్టి చూడండి, తెల్లటి మొన కనిపిస్తే ఆగకుండా కుండీలోకి మార్చాలి. నేనైతే సెప్టెంబరులో లోపల పెడతాను, నవంబరులో తీస్తే లేత మొక్కలకు చల్లటి నెలలు దొరుకుతాయి. డయాంథస్‌కు ఈ తతంగమేమీ అక్కర్లేదు, నేరుగా చల్లేయొచ్చు.

అపోహ: విత్తనాలపై మందంగా మట్టి కప్పాలి.

జెన్షియన్ విత్తనం ఊదితే ఎగిరిపోయేంత సన్నం, దానికి వెలుతురు కావాలి. పైన సన్న గులకరాళ్లు పలచగా చల్లి, కుండీని నీళ్ల ట్రేలో పెట్టి అడుగు నుంచి పీల్చుకోనివ్వండి.

అపోహ: పూలతో ఉన్న బలమైన కొమ్మే త్వరగా వేళ్లు పడుతుంది.

విత్తనం కాకుండా కొమ్మ నాటి పెంచాలంటే పూలు లేని లేత కొమ్మ, 2-3 సెంటీమీటర్లు చాలు. దళసరి ఆకుల సెడమ్‌ను కోశాక ఒకట్రెండు రోజులు ఆరనివ్వాలి, సాక్సిఫ్రేజ్‌ను ఆరబెడితే మాత్రం వాడిపోతుంది, వెంటనే నాటాలి. వేళ్లు రావడానికి పూసే హార్మోన్ పొడి ఎక్కువైతే మేలు జరగదు, సెడమ్‌కు అసలది దండగ. ఇక కుండీ మట్టిలో ఎమ్ శాండ్ (రాళ్లను నలగ్గొట్టి చేసే ఇసుక) వాడేవాళ్లకు ఒక మాట: బకెట్‌లో కలియబెడితే పాలరంగు నీళ్లు వస్తాయే, అవి తేటపడేదాకా కడగండి, లేదంటే ఆ సన్న పొడే అడుగున పేరుకుని కొమ్మల్ని కుళ్లబెడుతుంది.

మొలవలేదని కుండీ పారేసే అలవాటూ మానండి సార్, కొన్ని రెండో చలి చూశాకే లేస్తాయి. తడి ఆరనివ్వకుండా ఉంచి మళ్లీ ఫ్రిజ్ ఎక్కించండి.