ఐఎన్ఆర్ లెక్క వేరు, ఛాతీ నొప్పి లెక్క వేరు

ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడడాన్ని పల్మనరీ ఎంబాలిజం అంటారు. దానికి చికిత్స చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లలో చాలామంది ఛాతీలో పొడిచినప్పుడల్లా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర చాలలేదేమోనని ఇంకో సగం వేసుకుంటారు. నొప్పి పోగానే ఇక మందెందుకని మానేసేవాళ్లూ ఉన్నారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులే. నొప్పిని బట్టి మాత్ర డోసు తెలియదు, దానికి ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష ఉంది. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె అది. పరీక్షలో అంకె బాగుందని నొప్పిని తీసిపారేయడమూ తప్పే.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఉన్న గడ్డను కరిగించదు. దాన్ని పెరగనివ్వదు, కొత్తది పుట్టనివ్వదు. పాత గడ్డను మెల్లగా అరగదీసేది మన ఒంట్లోనే ఉన్న ప్లాస్మిన్ అనే ఎంజైము. ఆ పనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అందుకే మూడు నెలలకు తక్కువ కాకుండా మందు వాడమంటారు. ఏ కారణమూ దొరకకుండా గడ్డ వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం అవసరమవుతుంది.

మన దగ్గర ఎక్కువగా రాసేవి వార్ఫరిన్, అసిట్రామ్ పేరుతో దొరికే ఎసినోకుమరాల్. ఇవి కాలేయంలో విటమిన్ కె పనిని అడ్డుకుంటాయి. దాంతో గడ్డకట్టించే 2, 7, 9, 10 నంబరు ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. ఏడో నంబరుది ఆరేడు గంటల్లో సగానికి పడిపోతుంది, రెండో నంబరుదానికి దాదాపు రెండున్నర రోజులు కావాలి. అందువల్ల ఈ రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం రెండు మూడు రోజులు గడిస్తే గానీ రిపోర్టులో సరిగా కనిపించదు. డోసు మార్చిన మర్నాడే పరీక్ష చేయించడం డబ్బు దండగ. మొదట్లో మాత్రతో పాటు కనీసం ఐదు రోజులు, వెంటనే పనిచేసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చేదీ ఇందుకే. రెండు మిల్లీగ్రాముల వార్ఫరిన్, రెండు మిల్లీగ్రాముల అసిట్రామ్ ఒకటి కావు. మందుల షాపులో ఒకటి లేదని రెండోది ఇస్తే తీసుకోకండి.

ఈ జబ్బుకు ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. రెండు కంటే తగ్గితే గడ్డ భయం, మూడు దాటి పైకి పోయేకొద్దీ రక్తస్రావం భయం. 1.7 వచ్చిందని కంగారుపడి ఒకేసారి రెండు మాత్రలు మింగకూడదు. డాక్టర్లు లెక్కవేసేది వారం మొత్తం డోసును. రోజుకు 4 మిల్లీగ్రాముల చొప్పున వారానికి 28 తీసుకునేవాళ్లకు, సోమ, గురువారాలు 5, మిగతా రోజులు 4 అని రాస్తే వారానికి 30 అవుతుంది. పెరిగింది ఏడు శాతమే, చాలాసార్లు అదే సరిపోతుంది. తర్వాత వారం పది రోజులకు మళ్లీ చూస్తారు. కుదురుకున్నాక నెలకొకసారి చాలు. అంకె 4.5 దాటితే రక్తం కారకపోయినా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. మాత్ర సాయంత్రం వేసుకునే అలవాటు మంచిది. పొద్దున రక్తమిస్తే రిపోర్టు చూసి ఆ రాత్రి డోసే మార్చుకోవచ్చు. సాయంత్రం మరిచిపోయి రాత్రి గుర్తొస్తే అప్పుడే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే మాత్రం రెండు కలిపి వేసుకోవద్దు, తేదీ రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

రిపోర్టు తప్పు రావడానికి చాలాసార్లు కారణం రక్తం తీసేచోటే ఉంటుంది. ఈ పరీక్షకు లేత నీలం మూత ట్యూబు వాడతారు. అందులో సోడియం సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. ద్రవం ఒక వంతుకు రక్తం తొమ్మిది వంతులు పడాలి, అంటే మూడు మిల్లీలీటర్ల ట్యూబులో 2.7 రక్తం, 0.3 ద్రవం. నరం దొరక్క సగమే నింపి పంపితే ద్రవం ఎక్కువై రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది, ఐఎన్ఆర్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది. గీత దాకా నిండిందో లేదో మీరే చూడండి, నిండకపోతే ఇంకో ట్యూబులో తీయమని అడగండి. పలమనేరులోనో శ్రీకాళహస్తిలోనో తీసిన శాంపిల్ తిరుపతి ల్యాబుకు పోతుంటే, అదే రోజు చేరుతుందా అని కనుక్కోండి. కారణం తోచకుండా 2.4 ఉన్నది 5 అయితే, ఆ రోజు మాత్ర సంగతి డాక్టరును అడిగి, పరీక్ష మళ్లీ చేయించడం మంచిది. తిరుపతిలో ఒక నెల, వేలూరులో ఒక నెల చూపించుకునేవాళ్లకు ఈ అంకె పోల్చుకోవడానికి పనికొస్తుంది. ల్యాబుల మధ్య రసాయనాల తేడాను సరిచేయడానికే 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ పద్ధతిని తెచ్చింది. రిపోర్టులో పక్కనే ఉండే, రక్తం గడ్డకట్టడానికి పట్టిన సెకన్లను మాత్రం పోల్చవద్దు. అయినా ఒకే ల్యాబు పట్టుకుని ఉండడమే సుఖం.

ఆకుకూరలు మానేయమని ఎవరు చెప్పినా వినకండి. చిత్తూరు వైపు సంగటిలోకి పుల్లగూరో ఆకుకూర పప్పో లేకుండా తినేదేముంది? తోటకూర, పాలకూర, మునగాకులో విటమిన్ కె ఎక్కువే, కానీ వారానికి మూడుసార్లు తినేవాళ్లు ఎప్పుడూ మూడుసార్లే తింటే డోసు దానికి తగ్గట్టు కుదురుతుంది. నెలంతా మానేసి, వాన పడ్డాక వారమంతా ఆకుకూరే తింటే అంకె పడిపోతుంది. వైకుంఠ ఏకాదశికో శివరాత్రికో ఉపవాసాలుంటే, విరేచనాలతో తిండి తగ్గితే, అంకె పైకి పోతుంది. ఇక మందుల విషయం. ఇన్ఫెక్షన్లకిచ్చే మెట్రోనిడజోల్, సెప్ట్రాన్, ఫ్లూకొనజోల్ ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతాయి, టీబీకిచ్చే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. ఇలాంటివి మొదలుపెట్టినా ఆపినా కొద్ది రోజుల్లోనే పరీక్ష కావాలి. ఒళ్లునొప్పులని ఆర్ఎంపీ దగ్గర పిరుదుకు సూది వేయించుకుంటే కండరంలో రక్తం గూడుకట్టే ప్రమాదముంది. డెంగీ వచ్చే కాలంలో జ్వరం తగిలితే వెంటనే ప్లేట్‌లెట్లు చూపించుకోండి. అవి 50 వేలకు తగ్గితే ఈ మందు సంగతి డాక్టరు ఆ రోజే తేల్చాలి.

గడ్డకట్టకుండా ఇచ్చే కొత్త రకం మాత్రలు రివరాక్సబాన్, ఎపిక్సబాన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ అక్కర్లేదు, చూసినా దాంట్లో డోసు తెలియదు. వాళ్లు చూపించుకోవాల్సింది కిడ్నీ, హిమోగ్లోబిన్. రివరాక్సబాన్ 15 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 21 రోజులు, తర్వాత 20 ఒకసారి, అన్నంతో పాటే. ఖాళీ కడుపుతో మింగితే ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఒక రోజు మానితే రక్షణ ఆ రోజే పోతుంది.

ఇప్పుడు నొప్పి. ఊపిరితిత్తి లోపలి కండకు నొప్పి తెలియదు, పక్కటెముకల లోపల అంటుకుని ఉండే పొరకు తెలుస్తుంది. చిన్న గడ్డ అంచుదాకా పోయి అక్కడి భాగానికి రక్తం అందకుండా చేస్తే ఆ పొర వాచి, ఊపిరి పీల్చినప్పుడల్లా కత్తితో పొడిచినట్టుంటుంది. పెద్ద గడ్డ నడిమధ్య అడ్డుపడితే నొప్పి తక్కువుండి ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఎక్కువుండవచ్చు. అందుకని నొప్పి ఎంత ఉంటే గడ్డ అంత పెద్దదనుకోకూడదు. పొర నొప్పి కొన్ని వారాలు ఉంటుంది, లోతుగా పీల్చినా దగ్గినా తెలుస్తుంది, కింది భాగంలో ఉంటే భుజానికీ పాకుతుంది. రోజురోజుకూ తగ్గుతుంటే భయం లేదు. పారాసిటమాల్ వేసుకోవచ్చు. రోజుకు రెండు గ్రాములకు మించి చాలా రోజులు వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వద్దు, కడుపులో రక్తస్రావం తెస్తాయి. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీయడం మంచిది కాదు. దిండు ఛాతీకి ఆనించి పట్టుకుని గంటకు పదిసార్లు లోతుగా పీల్చండి.

తగ్గుతున్న నొప్పి మళ్లీ హఠాత్తుగా పెరిగినా, కొత్తచోట వచ్చినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా, దగ్గితే రక్తం పడినా, కాలు ఒకవైపు వాచినా, ఆక్సీమీటరులో 92 కంటే తగ్గినా గ్యాస్ అనుకుని రాత్రంతా ఓర్చుకోవద్దు. 108కి ఫోన్ చేసి తిరుపతిలోని రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రికే పోవాలి. ఛాతీ బరువెక్కి, చెమటపట్టి, ఎడమ చేతికి లాగితే గుండెపోటు కూడా కావచ్చు. తలకు దెబ్బ తగిలినా, మలం తారులా నల్లగా వచ్చినా అంతే, నొప్పి లేకున్నా సరే.

తిరుమల మొక్కు ఉన్నవాళ్లు అడిగేది తలనీలాల సంగతి. ఐఎన్ఆర్ 3 లోపలుంటే గుండు చేయించుకోవచ్చు. కల్యాణకట్టలో కూర్చోగానే మందు సంగతి చెప్పండి, తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తకుండా అదిమి పట్టండి. అలిపిరి 3,550 మెట్లు మొదటి మూడు నెలలు వద్దు, బస్సులో వెళ్లండి. రోజూ సమతలం మీద నడవడం మాత్రం మొదటి వారం నుంచే మంచిది.

మూడు నెలలు మందు సరిగ్గా వాడాక కూడా ఒక అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తుంటే వయసుకో బరువుకో అంటగట్టవద్దు. వందలో ఇద్దరు నుంచి నలుగురికి గడ్డ కరగక మచ్చగా మారి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. ముందు గుండెకు ఎకో, అనుమానముంటే ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎలా అందుతున్నాయో చూసే వీక్యూ స్కాన్ చేస్తారు. సీటీలో కనిపించనివి వీక్యూలో పట్టుబడవచ్చు. ఈ జబ్బుకు ఆపరేషన్ ఉంది, అది సరిపడేవాళ్లకు బాగా నయమవుతుంది. కాబట్టి మూడో నెల చెకప్‌కు పాత సీటీ సీడీ, ఐఎన్ఆర్ పుస్తకం తీసుకెళ్లి, ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తోందో అడగకముందే చెప్పండి.