పాత విల్లీస్ జీపు అమ్మేవాళ్ల అపోహలు – వాస్తవాలు

పాత జీపులు కొనడం, కుదిరితే బాగుచేయడం, లేదంటే బాగుచేసుకునే ఓపికున్నవాళ్లకి అమ్మిపెట్టడం మా పని. షెడ్డు భీమవరం పక్కన. రైసుమిల్లు గోడౌన్లలో, కొబ్బరితోటల్లోని పాకల్లో తాతల నాటి విల్లీస్ జీపులు, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మిలిటరీ వాడిన జీపులు, వాటి తర్వాత వచ్చిన సివిల్ బండ్లు, ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. వాటిని అమ్మేవాళ్లు చెప్పే మాటలు మాత్రం ఏ ఊరికెళ్లినా ఒకటే.

అపోహ: "ముందు రంగేయించి అప్పుడు బేరం పెడితే మంచి రేటొస్తుందండి."

రాదండి. రిస్టోర్ చేసుకుందామని, అంటే బండిని మళ్లీ మొదట్లో ఉన్నట్టు చేసుకుందామని కొనేవాడు కొత్త రంగు చూడగానే అనుమానపడతాడు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బాడీ అంతా తిప్పుతాడు. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. తర్వాత కింద దూరి ఫ్లోరు చూస్తాడు. అసలు కథ అక్కడుంది. యుద్ధకాలం నాటి జీపుల్లో ఫ్లోరు రేకు కింద, టోపీ ఆకారంలో వంచిన చానళ్లు ఉంటాయి. వాటి లోపల చెక్క దూర్చి ఉంటుంది. ఆ చెక్క నీళ్లు పీల్చుకుంటే ఒక పట్టాన ఆరదు, రేకుని లోపల్నుంచి తినేస్తుంది. పైగా మనది డెల్టా: ఉప్పుగాలి, రొయ్యల చెరువుల గట్లు, ఏటి వరద. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే ఆ చానల్ అప్పడంలా పెళుక్కుమంటుంది. దానిమీద కొత్త రేకు అతికించి రంగు కొట్టిస్తే, కొన్నవాడు మొత్తం కోసి తీసి మళ్లీ మొదలెట్టాలి. ఆ కూలి మీ రేటులోంచే తగ్గిస్తాడు. బురద కడగండి, కోళ్ల రెట్ట గీకండి, అంతే. ఫోటోల్లో తుప్పున్న చోట్లే ముందు పెట్టండి. దూరం నుంచి వచ్చేవాడు అన్నీ తెలిసే వస్తాడు, వచ్చాక పేచీ ఉండదు.

అపోహ: "ఇది అమెరికా బండి. తాతగారు మిలిటరీ వేలంలో పాడారు."

కావచ్చు. కానీ మహీంద్రా వాళ్లు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మన వైపు దొరికేవాటిలో ఎక్కువ అవే, వాటి తర్వాతివే. ముందు గ్రిల్లులో తొమ్మిది నిలువు సందులుంటే యుద్ధకాలంది, ఏడుంటే సివిల్ బండి. వెనక డోరు కూడా సివిల్ బండి గుర్తే. అయితే బాడీలు మార్చేస్తారు కాబట్టి ఛాసిస్ చూడాలి. యుద్ధకాలంలో ఇదే జీపుని ఫోర్డ్ కంపెనీ కూడా చేసింది. ముందు బంపర్ వెనక అడ్డంగా ఉండే ముక్క గుండ్రటి గొట్టమైతే అది విల్లీస్ వాళ్ల ఎంబీ మోడల్. బోర్లించిన 'యు' ఆకారంలో ఉంటే ఫోర్డ్ వాళ్ల జీపీడబ్ల్యూ మోడల్. ఫోర్డ్ వాళ్లు బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం కొట్టారు. ఒక డొక్కు బండిలో అలాంటి బోల్టు కనిపిస్తే మావాళ్లు పని ఆపి మరీ చూస్తారు.

ఆర్‌సీలో "ఇంపోర్టెడ్" అని ఉంటే గొప్పే, దానికి ఖర్చూ ఉంది. 2025 ఆగస్టులో మారిన ఫీజుల ప్రకారం ఇరవయ్యేళ్లు దాటిన ఇంపోర్టెడ్ ఫోర్ వీలర్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 80,000 రూపాయలు. మామూలు కారుకైతే 10,000. కొనేవాడు ఇది లెక్కేసుకునే బేరమాడతాడు.

అపోహ: "డీజిల్ ఇంజన్ వేయించాం, విలువ పెరిగింది."

చేలోకి వెళ్లొచ్చేవాళ్లకి పెరిగినట్టే. రిస్టోర్ చేసేవాడికి కావలసింది ఆ 2.2 లీటర్ల, 60 హార్స్‌పవర్ సైడ్ వాల్వ్ పెట్రోల్ ఇంజన్.

"పాతింజనేదండీ?"

"గేదెల పాక వెనక ఉండాలి. పాతినుప సామాన్లోడికి ఇచ్చేశామో ఏంటో."

ఈ ముక్కతో సగం బేరాలు చల్లబడతాయి. వెతకండి. కార్బురేటర్, డైనమో, స్టార్టర్, ఆరు వోల్టుల సామాను, ఏది దొరికితే అది గోనెసంచిలో వేసి బండితోపాటు ఇవ్వండి. ఆర్‌సీలో పెట్రోల్ అనుండి బండిలో డీజిల్ ఇంజనుంటే ఆ సంగతి ముందే చెప్పండి. పెట్రోల్ ఇంజను పట్టేసి ఉంటే ట్రాక్టర్‌కి కట్టి లాగకండి, రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో పల్చటి ఆయిల్ పోసి వదిలేయండి. మిగతాది కొన్నవాడు చూసుకుంటాడు.

అపోహ: "యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజే."

దానంతటదే అవదు. 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ గుర్తింపుకి దరఖాస్తు చేసుకోవాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నంబరుతో రోజూ తిరగడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనల లాంటివాటికే.

అపోహ: "ఆర్‌సీ లేకపోతే ఏముంది, వేరే జీపు ఆర్‌సీ తెచ్చి ఆ నంబరు గుద్దించేద్దాం."

ఈ మాట అన్నవాళ్లకి మా షెడ్డులో టీ కూడా పోయం. అది నేరం. కాగితం లేని బండిని విడిభాగాల లెక్కన అమ్ముకోవచ్చు, ఆ మాటే రాసిచ్చి అమ్మండి. ఎక్కువసార్లు అసలు చిక్కు వేరు: ఆర్‌సీ ఉంటుంది, కాలం చేసిన తాతగారి పేరు మీద. ముందు ఫారం 31తో వారసుడి పేరుకి మార్చాలి. దానికి అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. తుప్పు వదిలించడమే తేలిక అనిపిస్తుంది ఒక్కోసారి.

అపోహ: "డబ్బు ముట్టింది, లారీ ఎక్కింది, మన పనైపోయింది."

ఆర్‌సీలో పేరు మారేదాకా రికార్డులో ఓనరు మీరే. ఈలోపు ఇన్సూరెన్స్ లేకుండా ఎక్కడైనా గుద్దితే పరిహారం మీ మెడకే చుట్టుకోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు, కొన్నవారి ఆధార్ జిరాక్సు, తేదీ, టైము వేసిన డెలివరీ కాగితం బండి కదలకముందే తీసుకోండి. మీవైపు నుంచి ఆర్టీఓకి సమాచారం మీరే ఇచ్చేయండి, కొన్నాయన ఇస్తారులే అని కూర్చోకండి.